తలుపులు ఎవరివి

ఏసీ చలికి స్వెటర్ గుండీలు పెట్టుకుని, ఆయన సంస్థ పటంలో మరో గడిని పాత విభాగం కింద నుంచి తీసి కొత్త జట్టు కింద తగిలించాడు. తెరమీద గీత కుదిరింది. కళ్లు మండుతున్నాయి. ఇంకో గడి తీశాడు.

సంస్థలో ఇదివరకు సర్వర్లవాళ్లు, నెట్‌వర్కువాళ్లు అని విభాగాలుండేవి. ఇప్పుడవి పోయి, అమ్మే సరుకును బట్టి జట్లు వచ్చాయి. అప్పుల జట్టు, చెల్లింపుల జట్టు, బీమా జట్టు. కంప్యూటర్లు చేసే ప్రతి సేవా ఏదో ఒక జట్టు కింద, పేరున్న యజమానితో ఉండాలి. ఏది పాడైతే ఎవరి ఫోను మోగాలో చెప్పేది ఆ పటమే. ఆ పటం గీసేది ఆయన.

యజమాని దొరకని సేవలన్నిటికీ ఇన్నేళ్లూ ‘ప్రస్తుతానికి’ అంటూ తన పేరే పెట్టుకుంటూ వచ్చాడు. ఆ ప్రస్తుతం ఎప్పటికీ గడవలేదు. ఆఫీసులో ఆయన్ని అనాథల నాన్న అనేవారు.

ఈ సాయంత్రం తర్వాత ఏ జట్టులోనూ లేనివాళ్లకు సంస్థలో చోటుండదని నిన్న మేనేజరమ్మ చెప్పింది. పాపం, మెత్తగానే చెప్పింది. ఒక్క సేవైనా ఆయన పేరున మిగిలితే ఆ వంకతో ఎక్కడో ఒకచోట ఇరికిస్తానంది. పొద్దున బూట్లు తొడుక్కుంటూ ఆ మాట భార్యకు చెప్పాడు.

“అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆవిడ అడక్కుండానే దారి చూపించింది. ఒక్కటి అట్టిపెట్టుకోండి,” అంది భార్య. తలూపి వచ్చాడు.

మధ్యాహ్నానికి ఆయన పేరున తలుపులొక్కటే మిగిలాయి. కార్డు చూపిస్తే భవనంలో తలుపులు తెరిచే సేవ అది. అన్ని జట్లవాళ్లూ వాటిలోంచే నడుస్తారు, మావి అనేవాడు లేడు. ఎవరికి వారే యమునా తీరే. ఇక ఆయన ఏమీ చెయ్యకుండా ఊరుకుంటే చాలు, కుర్చీ నిలుస్తుంది.

అప్పుడే తుడిచే ఆవిడ బకెట్‌తో వచ్చింది. ఆయన కాళ్లు పైకెత్తాడు. పోయినేడు ఒకసారి తలుపులు బిగుసుకుపోయి ఆవిడ మెట్ల దారిలో తెల్లవార్లూ ఉండిపోయింది. ఫోను మోగింది ఆయనకే. జ్వరంతో లేవలేదు. ఒక్క మనిషి పేరున తలుపులుంటే అంతే. ఆవిడ ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు, అదే ఆయనకు బాధ.

చెల్లింపుల జట్టులో రాత్రీపగలూ వంతులవారీగా మనుషులుంటారు. లేచి ఆ జట్టు పెద్ద దగ్గరికి వెళ్లాడు.

“తలుపులకీ మాకూ ఏం సంబంధమండీ?” అన్నాడతను.

“ఏం లేదు. రాత్రిళ్లు మెలకువగా ఉండేది మీరేగా.”

అతను చాలాసేపు సణిగి, చివరికి సరేనన్నాడు. మరి మీకేం మిగిలిందని అడిగాడు. ఆయన అప్పటికే తన కుర్చీ వైపు నడుస్తున్నాడు.

కూర్చుని ఆఖరి గడిని లాగి చెల్లింపుల జట్టు కింద తగిలించాడు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే. తన పేరు నుంచి ఇప్పుడు ఏ గీతా పోవడం లేదు. ఇంట్లో ఏం చెప్పాలో తోచలేదు. ఎంత అలసిపోయాడో అప్పుడే తెలిసింది.

సాయంత్రం గుమ్మం దగ్గర కార్డు పెడితే ఎర్రదీపం వెలిగింది. జట్టు లేనివాడి కార్డు చెల్లదు. వెనకే వస్తున్న తుడిచే ఆవిడ తన కార్డు పెట్టి తలుపు తెరిచింది.

“రేపు కొత్తది అడిగి తీసుకోండి బాబుగారూ.”

“అలాగేనమ్మా,” అని బయటికి నడిచాడు.

లోపల ఏసీ గాలికి, కుర్చీ వెనక తగిలించిన స్వెటర్ చెయ్యి ఒకటి కొద్దికొద్దిగా ఊగుతోంది.