గోడలో వేడి

ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టగానే దీపం మళ్లీ కుంగింది. మొగుడి కోటు మీద పెట్టె ఆనించిన లిడియా గోడ వైపు చూసింది. ఆ గోడ పక్కనే పసిపాప పుష్పలత ఉయ్యాల.

"దయ్యం పట్టిన దీపమే అది. పాస్టరయ్యగారిచేత ప్రార్థన చేయించాలి," అంది అత్తగారు యేసమ్మ, బియ్యంలో రాళ్లేరుతూ.

దయ్యం కాదని లిడియాకి తెలుసు. కొత్తగా కరెంటు వచ్చిన ఇల్లది. మూడు దీపాలకని వేసిన తీగకి మరో తీగ మెలేసి, గుడ్డ చుట్టి, గోడ మీది చెక్కపట్టీలో దూర్చి ఈ ప్లగ్గు తెచ్చినవాడు మొగుడు దేవదానమే. ఇస్త్రీ పెట్టినప్పుడల్లా ఫ్యూజు మాడిపోతుంటే రాగి పోగులు లావుగా పేని బిగించాడు. "ఇహ ఇది మాడితే ఒట్టు!" అని నవ్వాడు కూడా. అప్పట్నుంచి ఫ్యూజు మాడలేదు. గోడలోంచి మాత్రం కాలీకాలని రబ్బరు వాసన. కొల్లేటి గాలికి ఏలూరు గోడలన్నీ చెమ్మగిల్లే ఈ వానల్లో, ఉయ్యాల దగ్గర జానెడు మేర పొడిగా, వెచ్చగా, జ్వరం వచ్చిన నుదురులా ఉండేది. ఉయ్యాల అవతలికి జరిపితే అక్కడ చూరు కారుతోందని అత్తగారు మళ్లీ ఇక్కడికే తెచ్చి కట్టించింది.

పెట్టె మీది రేకులో రెండొందల ఇరవై వోల్టులు, రెండు ఆంపియర్లు అని ఉంది. మిషను స్కూల్లో సత్యవాణి టీచరు గొంతు చెవిలో పలికింది. భాగిస్తే నిరోధం, నూట పది ఓములు. హెచ్చిస్తే నాలుగొందల నలభై వాట్లు. నలభై వాట్ల దీపాలు పదకొండు ఒక్కసారి వెలిగించినట్టు! కరెంటుకి ఎక్కడ అడ్డు తగిలితే అక్కడే వేడి పుడుతుందమ్మా, అనేది టీచరు. ఇది పెట్టె లెక్క. మరి గోడలో ఆ మెలిక అడ్డు ఎంత? దాన్ని కనుక్కునే పాఠం పై సోమవారం చెబుతానంది. ఆ సోమవారానికి లిడియా పెళ్లిపీట మీద ఉంది. వినని ఆ పాఠమే ఇన్నాళ్లకి గోడలో కూర్చుని తన బిడ్డ వైపు చూస్తున్నట్టనిపించింది.

ఈ లెక్కంతా నిన్న మొగుడికి చెప్పింది. దేవదానం పకపకా నవ్వాడు.

"నాలుగో ఫారంలో చదువు ఆగింది గానీ నీ నోరు ఆగలేదే!"

"లెక్కలతో పిల్లకి పాలు పడతాయా, కోడలా? బాలింత భయాలివి," అంది అత్తగారు.

ఏమో, నిజంగా భయాలేనేమో అనుకుంటూ రాత్రంతా నమ్మడానికే ప్రయత్నించింది. ఇప్పుడు ప్లగ్గు పీకి, గోడ మీద అరచెయ్యి ఆనించి, చురుక్కుమని వెనక్కి లాక్కుంది. ఇంకెవరినీ అడగాలనిపించలేదు. పాపని ఎత్తి అత్తగారి ఒళ్లో పెట్టింది. ముక్కాలి పీట లాక్కుని ఎక్కి, మెయిను స్విచ్చి దించి, పింగాణీ ఫ్యూజు ఊడబెరికి రొంటిన దోపుకుంది. వానమబ్బుకి పట్టపగలే ఇల్లు చీకటైంది.

"లిడియా! కరెంటు పోయిందేం? నా కోటు అయిందా?" పెరట్లోంచి కేకేశాడు దేవదానం.

"కరెంటు పోలేదండీ. నేనే తీశాను. వైరుమేను వచ్చి గోడపట్టీ విప్పిందాకా ఫ్యూజు ఇవ్వను."