ఫ్లైవీల్ కాజేసిందెవరు?

సాదిక్ ముత్తుకూరులో ఇరవై ఏళ్లుగా గేర్ల కార్లు బాగుచేస్తున్నాడు. ఆటోమేటిక్ కారు గేర్‌బాక్స్ దించడం మాత్రం ఇదే మొదలు. దించి చూస్తే ఇంజను వెనక దోసె పెనంలాంటి పలచటి గుండ్రటి రేకు కనిపించింది. మామూలు కార్లలో అక్కడ రెండు చేతులా ఎత్తవలసిన ఇనుప చక్రం, ఫ్లైవీల్, ఉంటుంది.

"ముందు చేసిన మెకానిక్ ఫ్లైవీల్ కాజేసి రేకు బిగించినాడు. దొంగనాయాలు! ఓనరుకు చెప్తానుండు," అని సాదిక్ ఫోన్ కలిపాడు.

అన్నం క్యారియర్ తెచ్చిన కూతురు సాహిరా షెడ్డులో ఎప్పుడూ నోరు విప్పదు. కానీ ఈ ఒక్క మాటతో ఎవరో మనిషి దొంగైపోతాడు. పైగా ఆమెకు మరో సందేహం పట్టుకుంది. బరువు లేకపోతే ఇంజను అదురుతుందని తండ్రే చెప్పాడు. మరి ఈ కారు ఇన్నాళ్లూ ఎలా నడిచింది? గేర్‌బాక్స్‌తో పాటు దిగిన గుండ్రటి డబ్బాను ఒంటి చేత్తో కదపబోయింది. కాస్త ఊగిందే గాని పైకి లేవలేదు; లోపల నూనె గుడగుడమంది.

"అబ్బా, ఇది ఆ రేకుకే బిగించి ఉండింది గదా? ఒకసారి ఎత్తి చూడు," అంది తండ్రితో.

"ఏందమ్మే, గుమ్మడికాయా?" అంటూ సాదిక్ ఎత్తబోయి నడుం పట్టుకున్నాడు. "ఓర్నీ! బరువంతా దీంట్లో పెట్టినారా? రేకుతో పాటు ఇదీ తిరిగేదే గదా! అంటే ఫ్లైవీల్ పని ఇదే చేస్తా ఉంది."

ఫోన్‌లో ఓనరు గొంతు పలికింది. "చెప్పు భాయ్, ఏమన్నా పోయిందా?"

సాదిక్ కూతురి వైపు చూశాడు. "ఏం పోలేదు సార్. నాకే కనపళ్లేదు, మా పాప చూపించింది."