మధ్యలో ఇంజను లేని లారీ

అమృతవల్లికి లారీలు కొత్త కాదు. తండ్రి లారీ షెడ్డు నడిపినవాడు. బొమ్మలతో ఆడుకోవాల్సిన వయసులో ఆవిడ స్టెప్నీ టైర్ల మీద కూర్చుని, లారీల్లోంచి రాలిన బియ్యంగింజలు లెక్కపెట్టుకున్న పిల్ల. ఇప్పుడు పుదుచ్చేరి పెద్ద బజారులో ఉన్న వాళ్ళ ఇనుప సామాన్ల దుకాణానికి సరుకు తెచ్చే బండ్లను మాట్లాడేదీ, డ్రైవర్లతో పేచీ పడేదీ ఆవిడే. అయినా డెబ్బై తొమ్మిది జనవరిలో ఒక్క బండిని ఎంచుకోవడానికి ఆవిడ పడ్డ పాట్లు పగవాళ్ళకు కూడా వద్దు. ఆ బండి మోయాల్సింది రెండు పందెం కార్లను. కార్లదేముంది, ఎట్లా కడితే అట్లా పడి ఉంటాయి. వాటితో పాటు వెళ్ళే ఇద్దరు మగవాళ్ళతోనే వచ్చింది తంటా.

ఫియట్ కారు భర్త పట్టాభిరామన్‌ది. హెరాల్డ్ కారు తమ్ముడు సీతాపతిది. ఈ పట్టాభిరామన్ పరాయివాడు కాదు, ఈ అక్కాతమ్ముళ్ళ తల్లికి స్వయానా తమ్ముడు. వాళ్ళ ఇళ్ళలో మేనమామను చేసుకోవడం మామూలే. పెళ్ళయి ఇన్నేళ్ళయినా అమృతవల్లి ఆయన్ని మామా అనే పిలుస్తుంది. తక్కిన ఆడవాళ్ళకు మొగుడితో గొడవైతే పుట్టిల్లు ఉంటుంది, తమ్ముడితో గొడవైతే అత్తిల్లు ఉంటుంది. ఈవిడకు రెండూ ఒకటే కొంప. ఆ ఇద్దరికీ పడకపోతే ఈవిడకు తల దాచుకునే చోటు లేదు.

పడకుండా పోయింది కిందటి ఫిబ్రవరిలో, మద్రాసు అవతల షోళవరంలో జరిగే కార్ల పందెంలో. మామ ముందు, మేనల్లుడు వెనక. మలుపు దగ్గర సీతాపతి లోపలి వైపు నుంచి దూరబోయాడు. పట్టాభిరామన్ దారి వదల్లేదు. భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన పిల్లవాడు తనను దాటిపోతాడని ఆయన కలలో కూడా అనుకోలేదు మరి. మామ అన్నాక పక్కకు జరిగి దారిస్తాడని వాడు అంతే ధీమాగా ఉన్నాడు. పందెంలో చుట్టరికాన్ని నమ్ముకున్న ఇద్దరూ దారి పక్కన పేర్చిన గడ్డిమోపుల్లో తేలారు. వెనకాల వస్తున్న ఎవరో కప్పు పట్టుకుపోయాడు.

ఆనాటి నుంచి మాటల్లేవు. ఒకే గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు, ఒకే పంక్తిలో తింటారు, కానీ మాటంటూ వస్తే అది అమృతవల్లి మీదుగా పోవాల్సిందే. సున్నపు డబ్బాలు ఎక్కడ పెట్టాడో వాడినడుగు. మేకుల మూటలు వచ్చాయని ఆయనకి చెప్పు. అడిగేది పక్కనే నిలబడి వినబడేటట్లే అడుగుతారు, అయినా ఆవిడ ఆ మాటను ఎత్తుకుని రెండడుగుల అవతల దించాలి. తిట్టయితే కాస్త మెత్తబరిచి దించాలి. మొదట్లో ఇదేం చోద్యమని నవ్వుకుంది. దీపావళి నాటికి నవ్వు పోయింది. ఇప్పుడు పొద్దున లేవగానే, ఈ వేళ ఎన్ని మాటలు మొయ్యాలో అని భుజాలు ముందే బరువెక్కుతున్నాయి.

ఇంతకుముందు కార్లను రోడ్డు మీదే నడుపుకుంటూ పోయేవాళ్ళు, ఒకదాని వెనక ఒకటి. ఈ ఏడు రెండింటికీ సైలెన్సర్లు పీకించి, డ్రైవరు సీటు తప్ప తక్కినవి ఊడబెరికి, ఇంజన్లను పందేనికి తగ్గట్టు బిగించి పెట్టారు. ఆ రూపంలో రోడ్డెక్కితే పోలీసులు ఊరుకోరు, ఊరుకున్నా దారిలో తిండివనం చేరకముందే రేడియేటర్లు కాగిపోతాయి. కాబట్టి ఇంకో బండి మీద మోసుకుపోవాలి. ఏ బండి అన్న దగ్గర మళ్ళీ మొదలు. నువ్వేది చూస్తే అదే అని ఇద్దరూ విడివిడిగా ఆవిడ మీదికి తోశారు. పెద్దమనసుతో అన్న మాట కాదది. ఎదుటివాడు చూసిన బండి ఎక్కాల్సి వస్తుందేమోనన్న భయం.

అప్పుడే సీతాపతి ఇంకో మాట కూడా అన్నాడు. పందెం కాగానే భార్యను తీసుకుని వైతికుప్పం వైపు వేరే ఇల్లు చూసుకుంటాడట. దుకాణం మధ్యలో గోడ లేపితే ఎవరి తలుపు వాళ్ళకుంటుందట. పట్టాభిరామన్ చెవిన ఈ మాట వేస్తే, గోడ ఇటుకతోనా సిమెంటు దిమ్మెలతోనా అని మాత్రం అడిగించాడు.

అమృతవల్లి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మనసులో ఒకటే గట్టిగా అనుకుంది. షోళవరానికి రెండు బండ్లు పోయాయంటే ఇల్లు రెండైనట్టే. ఒకే బండి పోవాలి. ఒకే సీటు మీద, భుజానికి భుజం తగులుతూ, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఇద్దరూ కూర్చోవాలి. ఎంత మొండివాళ్ళయినా గుంటలో చక్రం పడ్డప్పుడైనా ఒకరి మీద ఒకరు పడక తప్పదు కదా. ఆవిడకు మిగిలిన ఆశల్లా ఆ గుంటల మీదే.

అక్కడి నుంచి బండ్ల వేట. పట్టాభిరామన్‌కు దుమ్ము పడని మూతబండి కావాలి. ముత్యాలపేటలో ఒకటి ఉంటే వెళ్ళి చూసింది, వద్దంది. అటు తమిళనాడులో మద్యనిషేధం, ఇటు పుదుచ్చేరిలో వీధికో సారాకొట్టు. మూసిన బండి కనబడితే సరిహద్దులోని గోరిమేడు చెక్‌పోస్టులో పోలీసులు దాని పొట్ట కోసి గానీ వదలరు. తర్వాత ఒక ట్రాక్టరు చూసింది. దాన్ని నమ్ముకుంటే షోళవరం చేరేసరికి పందెం అయిపోయి పల్లీలవాళ్ళు కూడా ఇంటికి పోతారు.

ఆ పైన జీపులు దొరికాయి. రెండు జీపులు, రెండు చిన్న ట్రైలర్లు, ఒక్కొక్కటి ఒక్కో కారును సునాయాసంగా లాగుతుంది. కొక్కేలు గట్టివి, బ్రేకులు మంచివి, వంక పెట్టడానికి ఏమీ లేదు. ఇంట్లో ఇద్దరి ముఖాలూ ఏడాది తర్వాత ఒకేసారి వెలిగాయి. అమృతవల్లి ఒక జీపెక్కి వీధి చివరి దాకా పోయి వచ్చి, రెండింటికీ క్లచ్చు పోయిందని చెప్పేసింది. పచ్చి అబద్ధం. లారీ షెడ్డులో పెరిగి ఒక మంచి బండి మీద అబద్ధం చెప్పినందుకు ఆ రాత్రి లెంపలు వేసుకుంది.

చివరికి విల్లియనూరు రోడ్డులో మూతపడ్డ బియ్యపుమిల్లు వెనక అది కనబడింది. మూతి ముందుకు పొడుచుకు వచ్చిన పాతకాలపు లారీ. ఈ కొత్త చదును ముఖం లారీల్లో ఇంజను కేబిన్‌లోకే దూరి, డ్రైవరుకూ పక్కవాళ్ళకూ మధ్య గోడలాగా కూర్చుంటుంది. ఇక్కడ ఇంజను బయట మూతిలో ఉంది. లోపల ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే బల్లసీటు. అమృతవల్లి కొంగు దోపుకుని ఎక్కి, ఆ సీటు మీద ఈ చివర కూర్చుంది, మధ్యలో కూర్చుంది, ఆ చివర కూర్చుంది. మిల్లు కాపలావాడు ఈవిడకు మతి పోయిందనుకున్నాడు. ఇంజను సంగతి ఆ తర్వాత చూసింది. ఫరవాలేదు, ముసలిదే గానీ గుండె గట్టిది. వీరాంపట్టినం తిరనాళ్ళకు జనరేటరు మోసే నాలుగు చక్రాల ట్రైలరు ఒకటి ఖాళీగా ఉంటే, దాన్ని ఒక మూర పొడిగించి వెనకాల తగిలించారు. ఒక కారు లారీ మీద, ఒకటి ట్రైలరు మీద.

ఎవరిది ఎక్కడ అన్నది తేలడానికి ఇంకో వారం. తోకకు కట్టి ఈడ్చుకుపోతారా తనను అని సీతాపతి. పెద్దవాణ్ణి వెనక కూర్చోబెడతారా అని పట్టాభిరామన్. అడకత్తెరలో పోకచెక్క అయింది అమృతవల్లి. ఆఖరికి రెండు కార్లనూ బండ్లు తూచే కాటా దగ్గరికి తోయించింది. ఫియట్‌దే ఎక్కువ బరువని తేలింది, కాబట్టి లారీ మీద అది, ట్రైలరు మీద హెరాల్డ్. ముల్లు చూపించిన దానికి ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. పట్టాభిరామన్ మాత్రం తానే స్వయంగా బరువు తూగినట్టు మీసం దువ్వుకున్నాడు.

బయల్దేరే రోజు తెల్లవారుతుండగా లారీకి కర్పూరం వెలిగించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. డ్రైవరు ముని స్టీరింగు ముందు కూర్చున్నాడు. తమిళం అతని మాట, అయితే తండ్రి కాలం నుంచీ ఆ ఇంట్లోనే ఉండడం వల్ల వాళ్ళ తెలుగు పట్టుబడింది. అమృతవల్లి ఇద్దరికీ కలిపి ఒకే క్యారియరులో పులిహోర కట్టింది. రెండు కట్టమని మరదలు, అదే సీతాపతి భార్య, చెప్పినా వినలేదు. కేబిన్ తలుపు తానే తీసి, క్యారియరు పట్టుకుని పక్కన నిలబడింది.

పట్టాభిరామన్ ఆ సీటు వైపు చూశాడు. సీతాపతి వైపు చూడలేదు. "తాళ్ళు కొత్తవి వల్లీ, సాగతాయి. నేను కారుకాడ ఉండి చూస్తా" అని లారీ వెనక్కి పోయి, చక్రం మీద కాలుపెట్టి పైకెక్కి, తన ఫియట్ తలుపు తీసుకుని లోపల కూర్చున్నాడు.

సీతాపతి అక్క వైపు తిరిగాడు. "నా కారుకు మాత్రం ఎవరుండారక్కా?" అని వెళ్ళి ట్రైలరు మీది హెరాల్డ్‌లో కూర్చున్నాడు.

ఊరేగింపు దేవుళ్ళలాగా ఎవరి వాహనంలో వాళ్ళు. కేబిన్‌లో ఆ పొడుగాటి సీటు ఖాళీగా ఉంది. నెల రోజులు ఊరంతా తిరిగి, దేవుడిచ్చిన నోటితో అబద్ధమాడి, వెతికి వెతికి పట్టుకున్న సీటు. అమృతవల్లికి ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. కాళ్ళు పీకాయి, అంతే. ఏడాదంతా ఇద్దరి మధ్యా నిలబడ్డ కాళ్ళు ఇక నిలబడలేమన్నాయి. ఆవిడ క్యారియరు సీటు మీద పెట్టి, వెనకే తానూ ఎక్కి తలుపు వేసుకుంది. ఎక్కడికని మరదలు అరుస్తున్నా తల తిప్పలేదు. బండి పోనిమ్మని మునికి చెప్పింది.

గోరిమేడు చెక్‌పోస్టులో పోలీసు వచ్చి, లారీ మీద కారులో ఒకణ్ణీ ట్రైలరు మీద కారులో ఒకణ్ణీ చూసి, మీలో ఎవరు తాగారని అడిగాడు. ఎవరూ తాగలేదు, వాళ్ళంతేనని అమృతవల్లి చెప్పింది. డిక్కీలు తీసి చూసి, తల గోక్కుని వదిలేశాడు.

ఊరు వెనకబడ్డాక ఆవిడ అద్దంలోకి చూసింది. పట్టాభిరామన్ షోళవరంలో దిగేటప్పుడు వెనక్కి వెనక్కి దిగడం నామోషీ అని ఎక్కించేటప్పుడే ఫియట్‌ను రివర్సులో ఎక్కించి ఉన్నాడు. దాంతో ఆయన ముఖం వెనక్కి ఉంది. సీతాపతి ముఖం ముందుకుంది. మధ్యలో లారీ వెనక తలుపొక్కటే అడ్డం, అదీ నడుము ఎత్తు. భుజం భుజం తగలకుండా తప్పించుకున్నవాళ్ళు ముఖాముఖి కూర్చుని, ఒకడు కుడి పొలాల్నీ ఒకడు ఎడమ పొలాల్నీ చూస్తున్నారు.

కొంత దూరం పోయాక హెరాల్డ్ హారను మోగింది. ఆగకుండా మోగింది.

"చిన్నయ్య పిలస్తా ఉండాడమ్మా" అన్నాడు ముని. "పెద్దయ్యకి ఏందో చెప్పాలంట మాదిరి ఉండాది. బండి నిలపనా?"

అలవాటు కొద్దీ అమృతవల్లి చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది. దిగాలి, వెనక్కి నడవాలి, వాడి మాట అందుకోవాలి, ఇంకో నాలుగడుగులు వేసి ఈయనకు అందించాలి, ఈయన జవాబు మళ్ళీ మొయ్యాలి. చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"నిలపొద్దు" అంది. "ఇద్దరికీ నోళ్ళుండాయి ముని. ఎదురెదురుగా కూర్చోనుండారు. యాడికీ పోలేరు."

హారను ఇంకాసేపు మోగి ఆగింది. తర్వాత సీతాపతి గొంతు వినబడింది. దానికి పైన పట్టాభిరామన్ గొంతు లేచింది. గాలికి మాటలు తెలియడం లేదు. ఒక్క "మలుపు" అన్న మాట మాత్రం రెండు గొంతుల్లోనూ వినబడింది. ముని భయపడి అద్దంలోకి చూస్తున్నాడు. వాళ్ళు ఒకరినొకరు తిట్టుకుంటున్నారు, చేతులూపుతూ, సొంత నోళ్ళతో. ఆ తిట్లలో ఒక్కటి కూడా మెత్తబరిచే పని ఆవిడకు లేదు. అమృతవల్లి క్యారియరును కిందికి దించి, ఆ పొడుగాటి సీటు మీద కాళ్ళు ముడుచుకుని పడుకుని, షోళవరం వచ్చిందాకా లేపొద్దని మునికి చెప్పింది.