పైకి చూస్తే అవును

కత్తెరాయన దగ్గర కటింగ్‌కి కూర్చున్నవాడికి నోరు తెరవాల్సిన పనే ఉండదు. "ఎలా ఉన్నారు? బావున్నారు, మొహమే చెబుతోంది. పక్కలు తగ్గిద్దామా? తగ్గిద్దాం, ఎండలు మండిపోతున్నాయి కదా" అంటూ ప్రశ్నా ఆయనదే, జవాబూ ఆయనదే. జుట్టు దొరకని క్షణంలో కూడా కత్తెర గాల్లో టకటకలాడుతూనే ఉంటుంది. అందుకే వీధిలో ఆయనకా పేరు స్థిరపడిపోయింది. మనిషి మంచివాడే. కాకపోతే ఎదుటివాడు నోరు విప్పేదాకా ఆగే ఓపిక మాత్రం దేవుడు ఆయనకివ్వలేదు.

ఇవ్వకపోతే పోనీ, ఓపికతో తప్ప మాట్లాడలేని కూతుర్నిచ్చాడు. ఆమె పుట్టినప్పుడు ఎర్రటి ముక్కు చూసి ముద్దుగా చిలకమ్మ అని పిలిచారు, ఆ పిలుపే ఉండిపోయింది. ఇప్పుడు పదకొండేళ్లు. పుట్టేటప్పుడు మెదడుకు ఊపిరి సరిగా అందక సెరిబ్రల్ పాల్సీ వచ్చింది. కాళ్లు కర్రల్లా బిగుసుకుని ఒకదాని మీదొకటి మెలిపడతాయి. చేతులు చెప్పిన మాట వినవు. మాట రాదు. బుర్ర మాత్రం పాదరసం. ఇంట్లో ఎవరెక్కడ ఏం దాచారో అందరికంటే ముందు ఆమెకే తెలుసు. అవును అనాలంటే కళ్లెత్తి పైకప్పు వైపు చూస్తుంది. కాదు అనాలంటే కిందికి, తన ఒళ్లోకి చూస్తుంది. ఆస్పత్రిలో మాటలు నేర్పే టీచరమ్మ ఆ పద్ధతి అలవాటు చేసింది.

వినడానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ ఏదైనా అడగ్గానే ముందు ఆ పిల్ల ఒళ్లంతా కదిలిపోతుంది. చేతులు ఎగురుతాయి, మెడ ఎటో తిరిగిపోతుంది. ఆ గాలివాన తగ్గి, కళ్లు ఆమె అనుకున్నచోట నిలిచేసరికి చాలా సేపవుతుంది. అంతసేపు ఆగేదెవరు? "అన్నం తింటావా తల్లీ? తింటుంది, తింటుంది" అని తండ్రి ముద్ద కలిపేసేవాడు. తల్లి కాస్త నయం. పక్క వీధి టైలరింగ్ షాపులో పొద్దంతా మిషన్ తొక్కి వచ్చి కూడా కూతురి ఎదురుగా చతికిలబడి ఆగేది.

"నువ్వే అడిగి నువ్వే చెప్పుకుంటే మధ్యలో అదెందుకయ్యా?" అని మొగుణ్ని దెప్పేది.

"దాని మనసులో ఏముందో నాకు తెలీదా? నా కూతురు!" అనేవాడు ఆయన, అదేదో పెద్ద రుజువైనట్టు.

ఆ ఏడాది ఆస్పత్రిలో ఒక పరిశోధన మొదలైంది. నడుము దగ్గర వెన్నులోంచి కాళ్లకు వెళ్లే నరాల పోగుల్లో కొన్నిటిని ఏరి కత్తిరిస్తే కాళ్ల బిగుతు తగ్గుతుందని చిన్నపిల్లల విషయంలో డాక్టర్లకు తెలుసు. చిలకమ్మలాంటి కాస్త పెద్ద పిల్లలకు దానివల్ల మేలు ఎంత, బాధ ఎంత అన్నది తేలాలి. పెద్ద డాక్టరు ఏమీ దాచలేదు. "నడుస్తుందని నేను మాటివ్వలేనండీ. సుఖంగా కూర్చోగలదేమో, పట్టుకుని నిలబడగలదేమో. అదీ కచ్చితంగా చెప్పలేను. తెలుసుకోవడానికే కదా ఈ పరిశోధన. తర్వాత నెలల తరబడి కసరత్తు ఉంటుంది, నొప్పీ ఉంటుంది" అన్నాడు.

కత్తెరాయనకు అందులో ఒక్క మాటే వినబడింది. నిలబడటం. ఆ రాత్రినుంచి ఆయన కళ్లముందు ఒకటే బొమ్మ. సెలూన్ తలుపు దగ్గర తన కూతురు తన కాళ్ల మీద నిలబడి ఉంటుంది, వీధి వీధంతా చూస్తుంది. పదకొండేళ్లుగా ఎత్తుకుని తిరిగిన నడుము ఆయనది. ఆశపడ్డాడని ఆయన్ని తప్పుపట్టేవాళ్లెవరైనా ఉంటే, ఒక్కరోజు ఆ పిల్లను ఎత్తుకుని మెట్లెక్కి చూడమనండి.

పైగా ఇంకో చిక్కుంది. పన్నెండు నిండితే ఈ పరిశోధనలోకి తీసుకోరు. చిలకమ్మకు నిండటానికి ఎంతో వ్యవధి లేదు. ఇప్పుడు తప్పితే ఇంక ఎప్పటికీ తప్పినట్టే.

అన్ని పరీక్షలూ అయ్యాయి. తల్లీ తండ్రీ సంతకాలు పెట్టారు. అయిపోయిందనుకుని ఆయన లేవబోతుంటే టీచరమ్మ, "ఇంకా పాప ఒప్పుకోవాలండీ" అంది.

"పాపా? ఒప్పుకుంటుందమ్మా. ఎందుకొప్పుకోదూ?"

"ఆ మాట తనే చెప్పాలండీ. జవాబు చెప్పగలిగిన పిల్లల్ని అడగకుండా తీసుకోం. వద్దంటే వద్దే. ఒకసారి అడుగుతాం, వారమాగి మళ్లీ అడుగుతాం."

ఆయనకు గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. ఎందుకంటే ఐదేళ్ల కిందట చిలకమ్మకు మడమల దగ్గర ఒక ఆపరేషన్ జరిగింది. "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అని అప్పుడు నాన్న చెప్పాడు. పిల్ల నమ్మింది. కట్లు విప్పేదాకా ఆమె ఏడ్చిన ఏడుపుకి పక్కింటివాళ్లు కూడా కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ తర్వాత చాలాకాలం తెల్లకోటు కనబడితే చాలు, ఆ పిల్ల వణికిపోయేది. అలాంటి పిల్లను వెళ్లి నీకు మళ్లీ ఆపరేషన్ కావాలా అని అడిగితే ఏమంటుంది?

అడిగేరోజు తల్లికి సెలవు దొరకలేదు. ఆయనొక్కడే తీసుకెళ్లాడు. చిన్న గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు చేతులు కడుక్కునే సింకు, దానిపైన అద్దం. టీచరమ్మ ఆ అద్దానికి వీపు పెట్టి, చిలకమ్మ చక్రాల కుర్చీకి ఎదురుగా కూర్చుంది. తండ్రిని పిల్ల వెనకాల కూర్చోబెట్టి, "మీరు మాట్లాడకూడదండీ" అని నవ్వుతూనే గట్టిగా చెప్పింది.

బొమ్మలు చూపించి అంతా వివరించింది. ఎక్కడ కోస్తారో, ఎన్నాళ్లు పడుకోవాలో, ఎంత నొప్పి ఉండొచ్చో, ఏం బాగుపడొచ్చో చెప్పింది, ఏమీ బాగుపడకపోవచ్చనీ చెప్పింది. ఆ తర్వాత అడిగింది. "ఇది నీకు చేయించుకోవాలని ఉందా?"

పిల్ల ఒళ్లు ఎగిరింది. తల ఒక్కసారి పైకి విసిరినట్టయింది.

"అదిగో, సరే అంటోంది!" తండ్రి ఆగలేకపోయాడు.

"అది మెడ అండీ. కళ్లు ఇంకా చెప్పలేదు" అంది టీచరమ్మ, అటు చూడకుండానే.

బతుకంతా అద్దంలోంచి మనుషుల మొహాలు చూసిన మనిషి ఆయన. ఎవరికి కోపమొచ్చిందో, ఎవరికి కటింగ్ నచ్చలేదో వెనకనుంచే కనిపెట్టేస్తాడు. సింకు మీది అద్దంలో కూతురి మొహం చూశాడు. చేతులు నెమ్మదించాయి. మెడ కుదురుకుంది. కనురెప్పలు కిందికి వాలబోతున్నాయి.

అంతలో పిల్ల కూడా అద్దంలో నాన్నను చూసింది.

ఆయన కళ్లు పైకెత్తాడు. నోరు మెదపలేదు, వేలు కదపలేదు. కప్పు వైపు చూశాడు, అంతే. టీచరమ్మ చూపంతా పిల్ల కళ్ల మీదే ఉంది గనక ఆమెకు తెలియలేదు. అద్దంలో నాన్న కళ్లను అలా చూస్తూ చూస్తూ, చిలకమ్మ కూడా కళ్లు పైకెత్తింది.

"అవునంది" అని టీచరమ్మ రాసుకుంది.

ఇంటికొస్తుంటే ఆయన కాళ్లు నేలమీద లేవు. పెళ్లాంతో చెప్పాడు, వీధిలో చెప్పాడు, గడ్డం గీయించుకోవడానికొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. "మా అమ్మాయే ఒప్పుకుందండీ, నేనేం బలవంతం పెట్టలేదు" అని అడగనివాళ్లకు కూడా చెప్పాడు. చెప్పినప్పుడల్లా లోపల ఎక్కడో ముల్లు కదిలినట్టుండేది. గొంతు ఇంకాస్త పెంచేవాడు. పిల్ల మేలు కోసమే కదా! కన్నతండ్రి ఆ మాత్రం చేస్తే నేరమా?

రెండుమూడు రోజులకు పెళ్లామే పసిగట్టింది. "ఇదిగో, దీనికేమైందయ్యా? ఏదడిగినా నీ వైపే చూస్తోంది. నేనడిగినా నీ వైపే."

"నాన్న కూతురు మరి!" అని నవ్వేశాడు. నవ్వు పెదాలు దాటి రాలేదు.

మళ్లీ అడిగే రోజుకి ముందురోజు సెలూన్‌కి సెలవు. ఆపరేషన్‌కి వెళ్తే జుట్టుతో ఇబ్బంది అని, షట్టర్ సగం దించి చిలకమ్మను పెద్ద కుర్చీలో కూర్చోబెట్టాడు. జారిపోకుండా తల్లి వెనకనుంచి భుజాలు పట్టుకుంది. ఆయన గుడ్డ కప్పి, దువ్వెన తీసి, "చెవులదాకా తగ్గిద్దామా తల్లీ?" అన్నాడు. తగ్గిద్దాం అని నోటిదాకా వచ్చినదాన్ని మింగేశాడు. ఎందుకో ఆ రోజు ఆగాలనిపించింది.

అద్దంలో చిలకమ్మ కళ్లు కదిలాయి. పైకి వెళ్లలేదు, కిందికి వెళ్లలేదు. తిన్నగా వచ్చి నాన్న కళ్ల మీద ఆగిపోయాయి.

"పోనీ, చెవుల కిందిదాకా ఉంచనా?"

అవే కళ్లు, అక్కడే.

"మంచినీళ్లు కావాలా?"

అక్కడే. దాహమైందో లేదో కూడా ఆ పిల్ల చెప్పడం లేదు. ఏం చెప్పమంటావు నాన్నా అన్నట్టు చూస్తోంది.

ఆయన కళ్లు పైకెత్తాడు. అద్దంలో ఆ కళ్లూ పైకి లేచాయి. దించాడు. అవీ దిగాయి. ఒళ్లు కదల్లేదు, చేతులు ఎగరలేదు. తన మాట చెప్పడానికి ఇన్నాళ్లూ పెనుగులాడిన పిల్ల ఏ కష్టమూ లేకుండా ఆయన మాటే తిప్పి చెప్పేస్తోంది.

దువ్వెన చేతిలోంచి జారింది. కాళ్లు లేవు, చేతులు లేవు, గొంతు లేదు. ఆ పిల్లకు ఈ లోకంలో సొంతమంటూ ఉన్నది ఆ అవును, కాదు ఒక్కటే. దాన్ని కూడా కన్నతండ్రే లాగేసుకున్నాడు.

"ఏమైందయ్యా?" అంది పెళ్లాం, కంగారుగా.

చెప్పాడు. సింకు, అద్దం, తన కళ్లు, అంతా చెప్పాడు. జీవితంలో అంత తక్కువ మాటల్లో ఆయన ఏదీ చెప్పి ఉండడు. "ఎంత పని చేశావయ్యా" అంది ఆమె. ఇంకేదో అనబోయి, పిల్ల వింటోందని ఊరుకుంది.

ఆయన కుర్చీని అద్దం వైపునుంచి తిప్పేశాడు. పెళ్లాన్ని ముందుకొచ్చి కూతురి భుజాలు పట్టుకోమని, తను కుర్చీ వెనక్కి వెళ్లి, గోడవైపు మొహం పెట్టి నిలబడ్డాడు.

"తల్లీ, నేను గోడకేసి తిరిగాను. నువ్వేం చెప్పినా నాకు కనబడదు. అమ్మకి చెప్పు. ఆపరేషన్ నొప్పిగా ఉంటుంది. చీమ కుట్టినట్టుండదు. అప్పుడు నేను అబద్ధమాడాను. ఈసారి ఇంకా ఎక్కువే ఉంటుందేమో. చేయించుకుంటే కాళ్లు తేలికపడొచ్చు. పడకపోవచ్చు. నిలబడతావో లేదో డాక్టరుకి తెలీదు, నాకూ తెలీదు. చేయించుకోవాలని ఉందా నీకు?"

వెనకాల కుర్చీ కిర్రుమంది. చెయ్యి ఒకటి కుర్చీ చేతికి తగిలిన చప్పుడు. ఊపిరి బుసలు. ఆ గాలివాన మొదలైందని ఆయనకు తెలిసింది, తెలిసి ప్రాణం లేచొచ్చింది. మళ్లీ అంతలోనే ఆశ. గోడమీద పెచ్చులూడిన సున్నం చూస్తూ, అవునంటే బావుండు, తనంతట తనే అవునంటే ఎంత బావుండు అని మనసులో వెయ్యి దండాలు పెట్టుకున్నాడు. నోరు తెరవలేదు. చప్పుళ్లు తగ్గిపోయాయి. అయినా ఆయన వెనక్కి తిరగలేదు.

"కిందికి చూసింది" అంది పెళ్లాం.

"సరిగ్గా చూశావా?"

"ఇంకా కిందికే చూస్తోందయ్యా."

ఆయన నుదురు గోడకు ఆనించాడు. ఏడుపొచ్చింది. సెలూన్ తలుపు దగ్గర నిలబడ్డ పిల్ల, కళ్లప్పగించి చూసే వీధి, అన్నీ కొట్టుకుపోయాయి. రేపు టీచరమ్మ ముందుకి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియదు. వెళ్లాలి. మొదటిసారి చెప్పింది పిల్ల కాదు, నేనే అని ఒప్పుకోవాలి. అసలు ఆ మాట అందరికంటే ముందు ఎవరితో చెప్పాలో అప్పుడు తట్టింది ఆయనకు.

మొహం తుడుచుకుని వచ్చి, పెళ్లాం పక్కకు జరిగి పిల్లను పట్టుకుంటే, కూతురి ముందు నేలమీద కూర్చున్నాడు. చుట్టూ నిన్నటి జుట్టు ముక్కలు.

"వద్దులే తల్లీ. నువ్వు వద్దన్నావుగా, వద్దు. రేపు నీతోపాటే వెళ్లి వాళ్లకి చెప్పేస్తాను." కాస్త దగ్గరికి జరిగాడు. "ఆరోజు నీ మాట చెప్పనివ్వలేదు నేను. నా మీద కోపం వచ్చిందా?"

అడిగి, కళ్లు గట్టిగా మూసుకోబోయాడు, తన చూపు ఆమెకు తగలకుండా. కానీ ఈసారి చిలకమ్మ ఆయన కళ్ల కోసం చూడలేదు. ఒళ్లంతా ఒక్కసారి విసిరేసినట్టు కదిలింది. మెడ పక్కకు తిరిగిపోయింది. ఎడమ చెయ్యి ఎగిరొచ్చి ఆయన చెంపమీద ఫెళ్లున తగిలింది. ఆయన కదల్లేదు, ఆగాడు. మెడ మెల్లగా కుదురుకుంది, ఊపిరి నెమ్మదించింది.

చిలకమ్మ కళ్లు పైకెత్తి కప్పు వైపు చూసింది. చాలాసేపటిదాకా దించలేదు.