కిర్రుమనని ఇనుము

గని కప్పు కూలకుండా ఆపే ఇనుప స్తంభాలు చేసే కంపెనీ అది. దాని షేర్లను ఏ పెద్ద ఫండ్ కొంటోందో, ఏది అమ్ముతోందో కనిపెట్టి చెప్పడం నా ఉద్యోగం. తమ్ముడు దిగే గనిలో ఉన్నవీ ఆ స్తంభాలే.

"ఒక ఫండ్ గుట్టుచప్పుడు కాకుండా అమ్మేస్తోంది నాన్నా. అడిగితే కాకమ్మ కథలు చెబుతున్నారు."

అదే గనిలో పనిచేసి రిటైరైన నాన్న నా స్క్రీన్ వైపు వంగాడు.

"మా రోజుల్లో కర్ర దుంగలుండేవి. విరిగేముందు కిర్రుమనేవి, మేం బయటికి పరిగెత్తేవాళ్ళం. ఇనుము నోరు విప్పదమ్మా. ఇంతకీ ఎవరిదా ఫండు?"

"మీ గని కార్మికుల పెన్షన్ ఫండే."



"మనుషులకన్నా ముందు డబ్బుని పైకి తెచ్చుకున్నారన్నమాట," అన్నాడు నాన్న. "తమ్ముడికి ఫోన్ చెయ్యి. ఇంకా గనిలోకి దిగి ఉండడేమో."

చేశాను. గనిలోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. అది పైన, వాడి లాకర్లో మోగుతూనే ఉంది.