పదకొండు చెట్ల దమ్ము

ముసునూరులో ఏటా వేసవిలో కబడ్డీ పోటీలు జరిగేది శని, ఆదివారాల్లోనే అయినా నాలుగు ఊళ్ళ జట్లూ గెలిచేది మాత్రం శుక్రవారమే. ఆ పొద్దున శాఖా గ్రంథాలయం ముందున్న బోర్డు మీద ‘రేపటి పోటీలు, మా అంచనా’ అన్న కాగితం పడేది. రాసేది లైబ్రేరియన్ బాలశౌరిగారు. నూజివీడు జట్టును ఆపడం ఎవరి తరమూ కాదనీ, బాపులపాడు జట్టు కప్పు కోసమే పుట్టిందనీ, ఆగిరిపల్లి వాళ్ళు అద్భుతాలు చేస్తారనీ, ముసునూరు సంగతి చెప్పనే అక్కర్లేదనీ రాసేవారాయన. నాలుగు ఊళ్ళ మోతుబరులూ వచ్చి, ఎవరి వాక్యం వాళ్ళు చదువుకుని, మీసం దువ్వుకుని వెళ్ళిపోయేవారు. అలా పదేళ్ళుగా ఆయన అంచనా ఒక్కసారీ తప్పలేదు.

ఎనభై నాలుగు వేసవిలో బాలశౌరిగారి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కంటిమీద పచ్చగుడ్డ, చేతిలో కలం, ఎదురుగా తెల్లకాగితం పెట్టుకుని కూర్చుంటే అక్షరం మీద అక్షరం పడుతోంది. అప్పుడాయనకు మూల బల్ల దగ్గర సరోజ కనిపించింది.

సరోజ మాట్లాడగా విన్నవాళ్ళు ఊళ్ళో పట్టుమని పదిమంది ఉండరు. హైస్కూల్లో హాజరు పిలిస్తే పక్కపిల్ల పలికేది. పదో తరగతి పరీక్షలు రాసి, ఆ వేసవంతా లైబ్రరీ తెరిచే వేళకు వచ్చి, మూసే వేళకు లేచేది. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళాలంటే సభ్యత్వం ఉండాలి. ఫారం మీద ఇంటిపన్ను కట్టేవాళ్ళెవరైనా హామీ సంతకం పెట్టాలి. సరోజ తండ్రి వీరయ్య లక్ష్మీనరసింహారావుగారి మామిడితోటకు కావలి. తోటలో పాకకు ఇంటిపన్ను ఉండదు. అందుకని ఆ పిల్ల సాయంత్రం దాకా సగం చదివిన పుస్తకాన్ని మర్నాడొచ్చి చూస్తే, దాన్ని ఎవరో పన్ను కట్టే వాళ్ళింటికి పట్టుకెళ్ళిపోయి ఉండేవారు. ఆ వేసవిలో ఆమె తొమ్మిది పుస్తకాలు సగం సగం చదివింది. తొమ్మిది కథల్లో ఎవరు బతికారో, ఎవరు పోయారో తెలియక నిద్ర పట్టేది కాదు.

“నీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుందమ్మా. ఈ ఏడు అంచనా నువ్వు రాసిపెట్టు” అన్నారు బాలశౌరిగారు. “ఏముందీ, నాలుగు జట్లూ గెలుస్తాయని రాసెయ్.”

వీరయ్య ఫారం పట్టుకుని రావుగారి దగ్గరికి వెళ్ళాడు. వెనకాల సరోజ తలొంచుకుని నిలబడింది.

“బోర్డు మీద నీ కూతురే రాస్తోందంటగా?” అన్నారు రావుగారు. “చక్కగా రాయమను. ఆదివారం మన జట్టు కప్పు కొట్టగానే ఆ కలంతోనే సంతకం పెడతా.”

రావుగారంటే ఆ చుట్టుపక్కల పేరున్న మనిషి. మాఘమాసంలో పూత చూసి, చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, మొదలు మీద అరచేత్తో తట్టి, వేసవిలో ఎన్ని గంపలు దిగుతాయో చెప్పేవారు. పూత చూసి కాపు చెప్పగలిగిన మనిషిని అక్కడ పక్కతోటకు పోనివ్వరు. పిలిచి పెద్దపీట వేస్తారు. ఆ నమ్మకంతోనే ఆయన ఆ ఏడు జట్టును కూడా పూతమీదే కొన్నారు. బెజవాడ నుంచి ముగ్గురు, ఏలూరు నుంచి ఇద్దరు, గుడివాడ నుంచి ఇద్దరు. ఒక్కొక్కరి చుట్టూ ఒకసారి తిరిగి, తొడ మీద అరచేత్తో తట్టి ఖాయం చేసుకున్నారు. ముసునూరు జట్టులో ముసునూరు మనిషి ఒక్కడూ లేడు. అదేమని ఎవరూ అడగలేదు. మన ఊరి పేరున్న బనియన్లు తొడుక్కున్నారు కదా, అది చాలనుకున్నారు.

పదిహేను రోజులు తోటలోనే మకాం. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం కోడికూర, నేతి గారెలు, మూడింటికి తలా ఒక చెంబుడు చిన్నరసాల రసం. సాయంత్రం రావుగారు వచ్చి, కాయలు తూచే కాటా మీద ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి తూయించేవారు. కేజీ పెరిగినవాడిని చూసి, “కాపు బ్రహ్మాండంగా ఉందిరా వీరయ్యా!” అని మురిసిపోయేవారు.

ఎటొచ్చీ కబడ్డీ ఆడేది దమ్ము మీద. కూతకు వెళ్ళినవాడు ఎదుటి జట్టు గీత దాటి, ఊపిరి తెగకుండా కూస్తూ, అందినవాళ్ళను తాకి తిరిగి రావాలి. ఆ దమ్ము కోసం వాళ్ళు రోజూ చెట్ల వరుస వెంబడి కూస్తూ పరిగెత్తేవారు. సరోజ పాకముందు కూర్చుని చూసేది. ఒక్క ఊపిరిలో ఎవరు ఎన్ని చెట్లు దాటారో డైరీలో రాసుకునేది. ఎవరూ రాయమనలేదు. చూసింది రాసుకోకపోతే ఆ పిల్లకు అన్నం సహించదు.

జట్టులో మేటి గుడివాడ చిన్నరాయప్ప. వచ్చిన రోజు పదకొండు చెట్లు దాటాడు. నేతి గారెలు మొదలైన నాలుగో రోజుకు తొమ్మిదయ్యాయి. పదో రోజుకు ఏడు. గురువారం సాయంత్రం ఆరో చెట్టు దగ్గర ఆగి, మొదలు కౌగిలించుకుని నిలబడ్డాడు. రావుగారు చూసి, “చెట్టంటే ఎంత ప్రేమో వెధవకి!” అన్నారు.

ఆ మధ్యాహ్నమే కాయకోతకు వచ్చిన ఆడవాళ్ళు మిగతా ఊళ్ళ సంగతులు చెప్పుకుంటూ ఉంటే సరోజ వినేసింది. ఇంక రాయడమే తరువాయి.

“ఏం రాస్తావే?” అన్నాడు వీరయ్య.

“చూసింది నాన్నా.”

“చూసింది నీ పుస్తకంలో రాసుకో. బోర్డు మీద ఆయన చూడాలనుకున్నది రాయి. సంతకం కావాలా వద్దా నీకు?”

కావాలి. తొమ్మిది పుస్తకాల రెండో సగాలు కావాలి. సరోజ కాగితం ముందు పెట్టుకుని ‘ముసునూరు సంగతి చెప్పనే అక్కర్లేదు’ అని రాసింది. చదువుకుంటే నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. నోటితో చెప్పాల్సి వస్తే ఎంత అబద్ధానికైనా తలూపేసేదే. కానీ కాగితం మీద తన అక్షరాలు తననే చూస్తున్నట్టనిపించింది. చింపేసి మళ్ళీ మొదలుపెట్టింది.

శుక్రవారం బోర్డు మీద ఇలా ఉంది:

‘శనివారం మొదటి ఆట ముసునూరు, బాపులపాడు. ముసునూరు జట్టు నాలుగు జట్లలోకీ బరువైనది. పదిహేను రోజుల్లో మనిషికి నాలుగు కేజీలు పెరిగారు. చిన్నరాయప్పగారు ఒక్క దమ్ములో మొదటిరోజు పదకొండు చెట్లు దాటారు, నిన్న ఆరు దాటారు. బాపులపాడు జట్టు వాళ్ళు పగలు పొలాలకు ఎరువు తోలి సాయంత్రం ఆడతారు. అందరిదీ ఒకే ఊరు. కాబట్టి బాపులపాడు గెలవవచ్చు. రెండో ఆట నూజివీడు, ఆగిరిపల్లి. నూజివీడు రైడర్లిద్దరికీ పడదు. ఒకరు కూతకు వెళ్తే రెండోవారు అటు తిరిగి నిలబడతారు. అయినా ఆగిరిపల్లి జట్టులో నలుగురికి గవదబిళ్ళలు కాబట్టి నూజివీడు గెలవవచ్చు. ఆదివారం కప్పు బాపులపాడుది.’

రావుగారు కారు దిగి వచ్చారు. అలవాటు ప్రకారం తమ ఊరి పేరు ఎక్కడుందో వెతికారు. ‘నాలుగు జట్లలోకీ బరువైనది, మనిషికి నాలుగు కేజీలు’ దాకా పైకి చదివారు. “శెభాష్!” అని బోర్డు మీద తట్టి, కారెక్కి వెళ్ళిపోయారు. వీరయ్య గుండె మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

వెనకే వచ్చిన కోతకూలీలు మాత్రం చివరిదాకా చదివించుకున్నారు. వాళ్ళకు ఆ వరుసలో ప్రతి చెట్టూ తెలుసు. “పదకొండు నించి ఆరుకొచ్చాడా! ఓలమ్మో!” అంది అచ్చమ్మ. సాయంత్రానికి ఆ మాట కోతగంపలతో పాటు ఊరూరా చేరిపోయింది.

శనివారం గ్రౌండు నిండిపోయింది. చిన్నరాయప్ప తొడగొట్టి కూతకు వెళ్ళాడు. బాపులపాడు వాళ్ళు పట్టుకోవడానికి తొందరపడలేదు. ఊరికే వెనక్కి జరుగుతూ ఊరించారు. ఇంతలో ఆడవాళ్ళ వైపు నుంచి అచ్చమ్మ గొంతు లేచింది.

“ఒకటో చెట్టూ!”

గ్రౌండంతా అందుకుంది. “రెండో చెట్టూ! మూడో చెట్టూ!”

నాలుగో చెట్టు దగ్గర చిన్నరాయప్ప మొహం పండింది. ఐదో చెట్టు దగ్గర వెనక్కి తిరిగాడు. “ఆరో చెట్టూ!” అనేసరికి గీతకు రెండు మూరల దూరంలో కూత తెగిపోయింది. బాపులపాడు వాళ్ళకు పట్టుకునే పని కూడా లేకపోయింది. ఆ తర్వాత ముసునూరు నుంచి ఎవరు కూతకు వెళ్ళినా జనం చెట్లు లెక్కపెట్టారు. ఏలూరు మనిషి ఒకడు మధ్యలో ఆగి, “మీకు దణ్ణం పెడతాను, లెక్క ఆపండయ్యా!” అన్నాడు. అలా మాట్లాడినందుకు వాడూ అవుట్.

ఆదివారం కప్పు బాపులపాడు వెళ్ళిపోయింది. ఆ రెండు రోజులూ వీరయ్య పాకలో సామాను సర్దుకుంటూ, మళ్ళీ విప్పుకుంటూ గడిపాడు.

సోమవారం రావుగారు వీరయ్యను వెంటబెట్టుకుని లైబ్రరీకి వచ్చేసరికి బాపులపాడు మోతుబరి దశరథరామయ్యగారు అప్పటికే కుర్చీలో ఉన్నారు. ఆయన ఆ ఏడు ఖర్చు ఎందుకని బయటివాళ్ళనెవరినీ తేలేదు. ఇప్పుడది తన ముందుచూపని అందరికీ చెప్పుకుంటున్నారు. రావుగారు ఆయన్ని చూడనట్టు బోర్డు ముందు నిలబడి, ఈసారి చివరిదాకా చదివారు. తర్వాత మూల బల్లవైపు తిరిగారు.

“ఏమ్మాయ్, ఇదంతా ఎప్పుడు రాశావు?”

సరోజ లేచి నిలబడింది. “శుక్రవారమేనండి.”

“మరి నేను చదివానే!”

“మీరు నాలుగు కేజీల దాకా చదివారండి.”

బాలశౌరిగారు పచ్చగుడ్డ సర్దుకునే వంకతో మొహం దాచుకున్నారు. దశరథరామయ్యగారు మాత్రం పెద్దగా నవ్వి, “పిల్ల గట్టిదండీ!” అన్నారు. “ఏదమ్మా, ఏదో ఫారం ఉందంట, ఇటివ్వు. నేను పెడతా సంతకం. మా ఇంటిపన్నూ పన్నే. వచ్చే ఏడు నుంచి మా ఊరొచ్చి మా జట్టును చూసిపెట్టు.”

సరోజ చెయ్యి ఫారం మీదకు వెళ్ళింది. అంతకంటే ముందు రావుగారి చెయ్యి వెళ్ళింది.

“మీరు పెట్టేదేంటండీ? మా తోటలో పిల్ల. మా చెట్లు లెక్కపెట్టి నేర్చుకున్న విద్య! అంచనా తెలిసినదాన్ని మీకు పంపించి నేను చేతులు కట్టుకు కూర్చోనా?” అని, నిలబడే, బోర్డుకే ఫారం ఆనించి సంతకం పెట్టేశారు. తొందరలో పొడి అక్షరాలు కాకుండా ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశారు. “ఒరే వీరయ్యా, వచ్చే ఏడు కాటా తీసేయ్. నెయ్యి బంద్. అందరికీ గంజి!”

వచ్చే ఏడు ఆకలికి కూత తెగుతుందని సరోజ అప్పుడే చెబుదామనుకుంది. సమయం వచ్చినప్పుడు రాయవచ్చులే అని ఊరుకుంది.

ఆ సాయంత్రం సరోజ ఆ తొమ్మిది పుస్తకాల్లో ఒకదాని రెండో సగం పాకముందు కూర్చుని చదువుతోంది. వరుస చివర ఎవరిదో కూత వినబడి తలెత్తింది. రావుగారు. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, పంచె ఎగగట్టి, “కబడ్డీ, కబడ్డీ” అంటూ చెట్ల వెంబడి పరిగెత్తుతున్నారు. కాసేపటికి ఒక చెట్టు మొదలు కౌగిలించుకుని నిలబడిపోయారు.

సరోజ డైరీ తీసి తేదీ వేసింది. ‘మూడు చెట్లు’ అని రాసింది. కాస్త ఆలోచించి దాని కిందే ‘ఇది బోర్డుకు కాదు’ అని రాసి, మళ్ళీ పుస్తకం తెరిచింది.