మొదటి చుట్టు

కరోనా రెండో దెబ్బ నుంచి తేరుకుని సూరత్‌లో బళ్లు తెరిచిన జులై నెలాఖరున, స్కూల్లో ఆటలు నేర్పే లింగమూర్తి సార్ పదకొండు మంది ఆడపిల్లలను కాలువ గట్టు మీద పరిగెత్తించి ఆరుగురిని ఏరుకున్నాడు. కాగితం మీద మొదటి పేరు వినోదది. రెండోది తేజశ్రీ, మూడోది కోమలి. మిగిలిన ముగ్గురూ గుజరాతీ పిల్లలు. అది రోడ్డు మీద పరుగు కాదు. పొలాల్లో, బురదలో, ఇసుకలో నాలుగు కిలోమీటర్లు. స్కూలుకు ఆరుగురు పరిగెత్తితే ముందొచ్చిన నలుగురి స్థానాలు కలుపుతారు. ఎవరి మొత్తం తక్కువైతే ఆ జట్టు గెలిచినట్టు.

వినోద తండ్రి సాంబయ్య పాండేసరలో బట్టలకు రంగులేసే మిల్లులో పనివాడు. మెట్‌పల్లి దగ్గర పల్లె నుంచి వచ్చి పద్దెనిమిదేళ్లయింది. లింగమూర్తి సార్‌ది కోరుట్ల. ఆయన తండ్రి కూడా సూరత్ మగ్గాల మీదే బతుకు వెళ్లదీశాడు. రెండేళ్ల కిందట మునిసిపల్ బడుల ఆటల పోటీలో వినోద చెప్పుల్లేకుండా పరిగెత్తడం చూసి, ఆయనే సాంబయ్య ఉండే కూలీల వరుస గదుల చాలుకు వెతుక్కుంటూ వచ్చాడు. "ఈ పిల్లను నాకియ్యిండ్రి, మన పిల్ల ఏడికి పోతదో సూడుండ్రి" అని అడిగి, తన స్కూలు పెద్దలతో మాట్లాడి తొమ్మిదో తరగతిలో సీటు ఇప్పించాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో సార్ మాటకు తిరుగులేదు.

తేజశ్రీతో వినోదకు స్నేహం కుదిరింది బడిలో కాదు, బడి మూసేసిన రోజుల్లో. తేజశ్రీ తండ్రి త్రివిక్రమరావు హజీరాలో పెద్ద ఇంజనీరు. వాళ్లు ఉండే టౌన్‌షిప్ లోపల పరిగెత్తడానికి చెట్ల నీడన చక్కటి దారి ఉంది. వినోదకు ఉన్నది తాముండే చాలు పైనున్న డాబా. నలభై చుట్లు తిరిగితే ఒక కిలోమీటరు. పొద్దున్నే ఇద్దరూ చెవుల్లో ఫోన్లు పెట్టుకుని మాట్లాడుకుంటూ, ఒకరి ఊపిరి ఒకరు వింటూ పరిగెత్తేవారు. ఏప్రిల్‌లో తేజశ్రీ తల్లి అనంతలక్ష్మి పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉంది. తండ్రి ఆసుపత్రి బయటే కాచుకుని ఉంటే, తేజశ్రీ ఇంట్లో ఒక్కతే ఉండిపోయింది. ఆ పన్నెండు రోజులూ వినోద ఫోను పెట్టేయలేదు. తేజశ్రీ ఏడిస్తే విన్నది, మాట్లాడకపోతే తానే ఏదో ఒకటి మాట్లాడింది. "ఇయ్యాల ఎన్ని చుట్లు?" అని అడిగి లేపి పరిగెత్తించింది.

ఆగస్టులో సార్ వాళ్లను డుమస్ నల్ల ఇసుకలో పరిగెత్తించాడు. సెప్టెంబరు వానల్లో పొలం గట్ల మీద జారిపడుతూ లేస్తూ పరిగెత్తారు. అక్టోబరు జోన్ పోటీలో వినోద మొదటిది వచ్చింది, జట్టూ గెలిచింది. దీపావళి అయ్యాక బార్డోలీలో ఒక పరుగు జరిగింది. అక్కడే ఆమెకు జశోదా గామీత్ ఎదురైంది. చెరుకు కొట్టే కూలీల పిల్ల. సన్నగా, నల్లగా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటుంది. ఆ రోజు వినోద కంటే నాలుగంగల ముందు గీత దాటింది. తేజశ్రీ మూడోది. అయినా వినోదకు దిగులు కలగలేదు. జిల్లా పోటీ డిసెంబరు పంతొమ్మిదిన కిమ్ దగ్గర. అక్కడ ఆ నాలుగంగలూ తెచ్చుకోవచ్చు అనుకుంది.

పోటీకి మూడు రోజుల ముందు సార్ ఆమెను గట్టు మీద పక్కకు పిలిచాడు.

"వినోదా, జర ఇట్ల రా. ఆ బార్డోలీ పిల్లను మొదటి చుట్టులనే అలపాలె. గంట కొట్టంగనే నువ్వు ఉరుకు. ఉన్న బలమంత పెట్టి ఉరుకు. ఆ పిల్ల నిన్ను ఇడువది, ఎన్కనే వస్తది. రెండో చుట్టుకు ఆమె కాళ్లు పని చెయ్యయి."

"నా కాళ్లు గూడ పని చెయ్యయి గద సార్."

"నువ్వు అయిదో ఆరో వచ్చినా ఏం గాదు. తేజశ్రీ, కోమలి ముందుకొస్తరు. టీమ్ గెలుస్తది. టీమ్ గెలిస్తే ఆర్గురు కలిసి వడోదర పోతరు, స్టేట్‌కు. ఆడ నీ ఇష్టమొచ్చినట్టు ఉరుకు, నేను అడ్డం రాను."

వినోద గట్టు దిగింది. గట్టు కింద తేజశ్రీ కూర్చుని బూట్లు విప్పుకుంటోంది. ఆమె దగ్గరికి వెళ్లి చెప్పింది. "నువ్వేమంటవ్?" అని అడిగింది.

"సార్ చెప్పారంటే ఆలోచించే చెప్పుంటారులే" అంది తేజశ్రీ. తలెత్తకుండానే అంది.

ఇంటికొచ్చి తండ్రికీ చెప్పింది. సాంబయ్య మిల్లుకు బయల్దేరుతూ గుమ్మంలో ఆగాడు. "అందరి కోసమంటే మంచిదే బిడ్డ. మా తాన గూడ గంతే. ఒక్కడు బట్ట తాను పట్టుకుంటెనే ఇంకోడు చుడుతడు. సార్ నీ చెడు కోరుతడా ఏంది?"

కోరడు. అందులో వినోదకు అనుమానమే లేదు.

కిమ్ దాటాక ఒక కోత అయిపోయిన పొలంలో సున్నంతో గీతలు గీశారు. రెండు కిలోమీటర్ల దారి, రెండు చుట్లు. నుదుట జ్వరం చూసే యంత్రం పెట్టి ఒక్కొక్కరినీ లోపలికి వదిలారు. ఈల వేశాక మాస్కులు తీసి నడుముకు చుట్టుకున్నారు. జశోద వినోదకు ఇద్దరి అవతల నిలబడింది.

గంట మోగగానే వినోద ఎప్పుడూ పరిగెత్తనంత వేగంగా పరిగెత్తింది. సార్ అన్నట్టే జశోద వెనకే వచ్చింది. ఆమె అడుగుల చప్పుడు వినోద చెవి పక్కనే ఉంది. కాలువ దాటారు, చెరుకు మోళ్ల మధ్య నుంచి మలుపు తిరిగారు. మొదటి చుట్టు అయ్యేసరికి వాళ్లిద్దరికీ మిగతా వాళ్లకూ మధ్య అరఫర్లాంగు దూరం ఉంది. గట్టు మీద నుంచి సార్ "ఉరుకు, ఉరుకు" అంటూ చెయ్యి ఊపాడు. వినోద ఇంకా బిగించింది. రెండో చుట్టు సగంలో ఛాతీలో నిప్పు రాజుకున్నట్టయింది. తొడలు రాళ్లయ్యాయి. పక్కన జశోద తూలింది, మళ్లీ నిలదొక్కుకుంది. ఇద్దరూ నడకలాంటి పరుగులో ఉండగా తేజశ్రీ వాళ్లను దాటి వెళ్లింది. దాటేటప్పుడు వినోద వైపు చూడలేదు. తర్వాత కోమలి. తర్వాత కిమ్ స్కూలు పిల్ల ఒకతె. జశోద నాలుగోది వచ్చింది. వినోద ఏడో స్థానంలో గీత దాటి మోకాళ్ల మీద కూలబడి వాంతి చేసుకుంది.

జట్టు గెలిచిందని మైకులో చెప్పారు. ఆ మాట విన్నాక ఒళ్లు నొప్పి కూడా తీపిగా అనిపించింది. నోరు కడుక్కుంటుంటే జశోద వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. హిందీలో అడిగింది, కోపంగా కాదు, నిజంగా అర్థం కాక అడిగింది.

"నీకేం లాభం వచ్చింది? నువ్వూ పోవట్లేదు, నేనూ పోవట్లేదు."

"మేం పోతున్నాం కదా. జట్టు గెలిచింది."

"జట్టులెక్కడ పోతాయి? ఈసారి కరోనా అని జిల్లాకు ఇద్దరినే రమ్మన్నారు. మొదటిది, రెండోది. అంతే. కాగితం వచ్చి పదిరోజులు దాటింది. మా సార్ మాకు అప్పుడే చదివి వినిపించారు. మీకు చెప్పలేదా?"

వినోద కోమలి వైపు చూసింది. కోమలి మెడలో పతకాన్ని చేత్తో పట్టుకుని నేల చూపులు చూస్తోంది. తేజశ్రీ అక్కడ లేదు. దూరంగా సార్ పక్కన నిలబడి ఎవరో తీస్తున్న ఫొటోలో ఉంది.

తిరుగు బస్సులో వినోద వెనక సీట్లోంచి లేచి, కమ్మీ పట్టుకుంటూ నడిచి ముందు సీటు దగ్గరికి వెళ్లింది.

"సార్, కాగితం ఎప్పుడొచ్చింది?"

"అలిసిపోయినవ్, కూసోరాదు."

"ఎప్పుడొచ్చింది సార్?"

లింగమూర్తి కిటికీలోంచి బయటికి చూశాడు. "ఆరో తారీఖు."

ఆయన ఆమెను గట్టు మీద పక్కకు పిలిచింది పదహారో తారీఖున.

"సూడు వినోదా" అన్నాడాయన గొంతు తగ్గించి. "నువ్వు నీ లెక్కల ఉరికితే ఆ పిల్ల మొదలు, నువ్వు రెండు. మన స్కూలుకెల్లి ఒక్కరే పోతరు. గిట్ల చేస్తే ఇద్దరు. ఈ కరోనాల ఆటల సార్లను ఎంతమందిని ఇంటికి తోలిన్రో నీకెర్కలేదు. ఇద్దరు స్టేట్‌కు పోతే నన్ను ఉంచుకుంటరు. నేనుంటె నీకు వచ్చే యేడు ఉంటది. నేనే లేకపోతే నిన్నెవరు సూస్తరు?"

"మరి నాకు ఎందుకు చెప్పలె?"

"చెప్తే చేస్తుంటివా?"

ఆమె ఆలోచించింది. చేసేది కాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, అందుకే అడగలేదు. టీమ్ అని చెప్పాడు. ఆరుగురు అని చెప్పాడు.

"వేరే ఎవల్నన్న అడుగుతె వాళ్ల నాయినలు వచ్చి లొల్లి చేస్తరు" అన్నాడు లింగమూర్తి. "నువ్వంటె మన పిల్లవు. అర్థం చేసుకుంటవనుకున్న."

అప్పటిదాకా ఏడవనిది, ఆ మాటకు వినోదకు ఏడుపొచ్చింది. వెనక్కి వెళ్లి కూర్చుని మాస్కు కళ్ల దాకా లాక్కుంది. తేజశ్రీ రెండు వరుసల ముందు కూర్చుని ఉంది. సూరత్ చేరేదాకా ఆమె తల ఇటు తిరగలేదు.

ఇంట్లో చెబితే తల్లి లలితమ్మ చీరకు మెరుపు రాళ్లు అతికిస్తున్న చెయ్యి ఆపింది. సాంబయ్య చాలాసేపు నమ్మలేదు. రెండుసార్లు అడిగాడు, ఆరో తారీఖేనా అని. తర్వాత లేచి చొక్కా తొడుక్కున్నాడు, సార్ ఇంటికి పోతానన్నాడు. గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. "మంచిదే అంటినిగద నేను గూడ" అన్నాడు. ఆ రాత్రి ఆయన మిల్లుకు పోలేదు.

జనవరిలో కొత్త రకం కరోనా వచ్చింది. బళ్లు మళ్లీ మూశారు, వడోదర పోటీ రద్దు చేశారు. పతకాలు తెచ్చుకున్నవాళ్లు కూడా ఎక్కడికీ పోలేదు. ఈ కబురు తెలిసిన వాళ్లందరూ వినోదతో ఒకే మాట అన్నారు: పోటీయే లేదు కదా, ఇంక బాధెందుకు అని. ఆ మాట విన్న ప్రతిసారీ ఆమె బాధ ఇంకొంచెం గట్టిపడింది. చెప్పుకోవడానికి ఇప్పుడు పోయినదంటూ ఏమీ మిగల్లేదు.

ఒక ఆదివారం తేజశ్రీ చాలుకు వచ్చింది. ఆ ఇంటికి రావడం అదే మొదటిసారి. కారు సందు చివరే ఆగిపోతే నడిచి వచ్చింది. లలితమ్మ స్టూలు వేసి చాయ్ ఇచ్చి, ఆడపిల్లలు మాట్లాడుకోనీ అని బయటికి వెళ్లింది.

"మీట్ రద్దయింది" అంది తేజశ్రీ. "నేనూ వెళ్లట్లేదు. ఇప్పుడు ఇద్దరం ఒకటే కదా."

"ఒకటెట్లయితం?"

తేజశ్రీ గ్లాసు చుట్టూ వేళ్లు బిగించింది.

"నీకెప్పుడు తెలుసు?" అని అడిగింది వినోద.

"ఏడో తేదీ. సార్ నాన్నగారికి ఫోన్ చేసి చెప్పారు. నీతో అనొద్దన్నారు. నేను రోజూ చెప్పేద్దామనే అనుకున్నాను, వినోదా. రోజూ."

"ఏడు నుండి పందొమ్మిది దాంక. రోజు పక్కపక్కనే ఉరికినం."

"అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఫోన్లో నాతో అంది, నిన్ను స్టేట్‌లో చూడాలి అని. ఇంటికొచ్చాక కూడా అదే అంటూ ఉండేది. నేను నీకంటే వేగంగా పరిగెత్తలేను. అది నీకూ తెలుసు. ఇంకో దారి కనపడలేదు."

వినోద ఆమె ముఖంలోకి చూసింది. అబద్ధం చెప్పడం లేదు. చెప్పకపోయినా బాగుండేదేమో. ఆ పన్నెండు రోజుల్లో తాను విన్న ఏడుపు, ఊపిరి, అన్నీ గుర్తొచ్చాయి. వాటి మీద కోపం తెచ్చుకోవాలని చూసింది, రాలేదు. అయినా వాటిని మునుపటిలా తలుచుకోవడమూ చేతకాలేదు.

"అమ్మ మంచిగున్నదా?" అంది.

"బాగుంది."

"మంచిది."

కాసేపటికి తేజశ్రీ చాయ్ తాగకుండానే లేచి వెళ్లిపోయింది.

జూన్‌లో సాంబయ్య తనే వెళ్లి కూతురి టీసీ తెచ్చాడు. ఉధనాలో ఇంటికి దగ్గరగా ఉన్న బడిలో చేర్చాడు. అక్కడ పరుగు జట్టు లేదు, పరుగు సార్ లేడు. వినోద పొద్దున్నే లేచి మిల్లులకు పోయే సైకిళ్ల పక్కన ఒక్కతే పరిగెత్తింది. ఎంత వేగంతో పోతోందో చూసి చెప్పేవాళ్లు లేరు. కొన్ని వారాలు అతిగా పరిగెత్తి కాలు పట్టేసింది, కొన్ని వారాలు తక్కువ పరిగెత్తింది.

సెప్టెంబరులో డుమస్ దగ్గర ఎవరైనా పాల్గొనే పరుగు పెట్టారు. ఆమె ఒంటరిగా పేరిచ్చుకుంది. లింగమూర్తి సార్ కొత్త ఆరుగురితో వచ్చాడు. ఆయన ఉద్యోగం నిలిచింది. జశోద కూడా వచ్చింది. దూరం నుంచి వినోదను చూసి తల ఊపింది. గీత దగ్గరికి నడుస్తుంటే సార్ ఎదురొచ్చాడు. కాస్త వంగిపోయాడు, జుట్టు నెరిసింది.

"సముద్రం గాలి ఎదురున్నది వినోదా" అన్నాడు. "ముందల పోకు. ఎవరన్న ఎన్కనుండు, గాలి వాళ్లకు తగులనీ."

ఒకప్పుడైతే ఆ మాట అయిపోకముందే తల ఊపేది. ఇప్పుడు ఆయన ముఖంలోకి చూసింది. ఆ మాట తన కోసం చెప్పాడో, ఆయన వెనక నిలబడిన ఆరుగురి కోసం చెప్పాడో ఎంత చూసినా తెలియలేదు. గీత మీదికి వెళ్లి నిలబడింది.

గంట మోగింది. వినోద అందరికంటే ముందు పరిగెత్తింది. గాలి ఇసుకను ఎత్తి ముఖాన కొట్టింది. సగం దూరం దాకా ముందే ఉంది. తర్వాత ఆమె వెనక గాలి తగలకుండా వచ్చినవాళ్లు ఒక్కొక్కరే దాటుకుంటూ పోయారు. జశోద మొదటిది వచ్చింది. వినోద ఆరోది.

సార్ చెప్పింది నిజమే. ఆయన ఆ రోజు మంచి మాటే చెప్పాడు. బస్సులో ఇంటికి వస్తూ వినోద ఆ సంగతే తలుచుకుంది. ఆ పరుగు ఓడిపోవడం కంటే ఆ సంగతే ఆమెను ఎక్కువ బాధించింది.